మీసం తీసేసిన సారు

సారు పోయిండని మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపుల మెసేజ్ వచ్చేటాళ్లకు నేను మానుకోట దవాఖానల ఒక అవ్వను ఎక్స్‌రే స్టాండు ముందర నిలబెడుతున్న. కాగితాల మీద మహబూబాబాద్ అని రాస్తరు గాని మాకు అది మానుకోటనే. ఫోన్ టేబుల్ మీద వెలిగింది. చదివిన. మళ్ల చదివిన. గుండె ఆగిందట, పొద్దుగాల పళ్లు తోముకుంట కూలిపోయిండట. బయట వరుసల ఇంక ముప్పై మంది ఉన్నరు. తలుపు సందుల నుంచి ఎవరో "మేడమ్, ఇంకెంతసేపు?" అని గునిసిండ్రు. సారు పోయిండని తెలిసినంక నా నోట్ల నుంచి వచ్చిన మొదటి మాట ఏందో చెప్పాల్నా? "చెస్టులు ముందుగాల రాండ్రి. కాళ్లు, చేతులు పక్కకు నిలబడుండ్రి" అన్న.

అన్నంక నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

సారు ముందర గా మాట అన్నోళ్లకు మూడినట్టే. జనగామల ఒక పారామెడికల్ కాలేజీల చేరిన కొత్తల, ట్రైనింగుకు దవాఖానకు పోయినప్పుడు నేనే అన్న, "సార్, ఒక చెస్టు వచ్చింది" అని. సారు లేచి తలుపు దాక పోయి, అటు ఇటు చూసి వచ్చిండు. "ఏది బిడ్డా? చెస్టు ఏడున్నది? ఒక్కతే నడుచుకుంట వచ్చిందా? తల, కాళ్లు బస్టాండుల ఇడిసిపెట్టి వచ్చిందా?" అన్నడు. బెంచీ మీద కూసున్న పెద్దమనిషి దగ్గుకుంటనే నవ్విండు. "పో, ఆయన పేరడుగు, ఊరడుగు. పొద్దుగాల ఏమన్న తిన్నడో లేదో అడుగు. దగ్గు సంగతి తర్వాత. ముందుగాల మనిషి, తర్వాత ఎముక." ఆఖరు ముక్క దినానికి పదిసార్లు అనేటోడు. మేము ఆయన వెనక అదే గొంతుతోని అనుకుంట నవ్వుకునేది.

లింగాల ఘనపూర్ నుంచి ఒక పాత మోపెడ్ మీద వచ్చేటోడు. మెడ మీద ఎప్పటికీ ఒక తువ్వాల. అది చెమటకు కాదు. చలికాలం పొద్దుగాల ఎవరికన్న ఛాతి ఎక్స్‌రే తీసేముందు మనిషి ఆనుకునే ప్లేటును తువ్వాలతోని రుద్ది రుద్ది వెచ్చగ చేసేటోడు. "సల్లటి రేకు తగిలితే మనిషి ముడుచుకుంటడు. ముడుచుకున్న మనిషికి మంచి ఫోటో ఏడికెళ్లి వస్తది?" అనేటోడు. ఆడా మగా తేడా లేకుంట మా అందరికి వెనక నాడలుండే దవాఖాన గౌను తొడిగించి కాలేజీ వరండాల అటు కొస నుంచి ఇటు కొస దాక నడిపించిండు ఒకసారి. మొగపిలగాండ్లు రెండు చేతులు వెనక పెట్టుకుని సిగ్గుతోని సచ్చిండ్రు. "యాదుంచుకోండ్రి. రేపు మీ దగ్గరికొచ్చే ప్రతి మనిషి గిట్లనే నిలబడుతది" అన్నడు. అప్పుడు తిట్టుకున్నం గాని, ఇయ్యాల్టికి నేను ఎవరికి గౌను ఇచ్చినా వెనక నాడ నేనే కడుత.

మా కాలేజీల మిషన్ ఉండె గాని అది నడువది. చూసేటోళ్లకు చూపెట్టనీకే ఉండె. సారు ఒక టార్చిలైటు, సంచెడు మేక బొక్కలు పట్టుకొచ్చి పాఠం చెప్పేటోడు. ఆ బొక్కలు ఆయననే ఇంట్ల ఉడకబెట్టి, కడిగి, ఎండబెట్టిండు. కిటికీలు మూసి, టార్చి పట్టి, బొక్క నీడను గోడ మీద పడేసి "టార్చి దగ్గరికి తెస్తే ఏమైంది? నీడ పెద్దగయింది. వంకరగ పడితే? సాగింది. మరి మిషన్ వంకరగ పెడితే లేని రోగం కనపడదా?" అనేటోడు. తెలుగు మీడియంల చదివి వచ్చినోళ్లం, ఇంగ్లీషు పుస్తకం చూస్తే పానం పోయేది. "పుస్తకం ఇంగ్లీషుల ఉంటది గాని బొక్క ఇంగ్లీషుల ఉంటదా? ముందు నీ భాషల చెప్పు, అర్థమైనంక ఆళ్ల భాషల రాద్దువు" అనేటోడు. నేను రఘునాథపల్లి గవర్నమెంటు బడిల చదివినదాన్ని. ఆ ఒక్క మాట లేకుంటే మొదటి నెలల్నే మూటాముల్లె సర్దుకుని ఇంటికి పోతుంటి.

ఇగ రేణుక సంగతి చెప్పాలె. చెప్పుడు కష్టమే. కని చెప్పకుంటే సారు గురించి ఏం చెప్పినట్టు?

రేణుకది భూపాలపల్లి దిక్కు మొగుళ్లపల్లి. మొదటి బెంచీల కూసునేది. సారు బోర్డు దిక్కు తిరిగి చెప్పుకుంట పోయేటోడు, మేము రాసుకునేది. ఆమె రాయకపోయేది. వారం చూసి సారుకు కోపమొచ్చింది. "ఏంది బిడ్డా, నేను చెప్పేది నీకు చెవికెక్కుతలేదా?" అని గదిరిచ్చిండు. ఆమె చూస్తనే ఉంది. పక్కన కూసున్న నేను లేచి, "సార్, ఆమెకు చెవులు వినపడవు. పెదాలు చూసి తెలుసుకుంటది" అన్న. సారు చేతిల చాక్‌పీసు బల్ల మీద పెట్టిండు. "వారం దినాల సంది బోర్డుకు పాఠం చెప్పిన్నా నేను" అన్నడు మెల్లగ. ఆమె ముందర కూసుని, ముఖం ముఖం పెట్టి, "నా మాట తెలుస్తున్నదా బిడ్డా?" అని అడిగిండు. రేణుక జర ఆగి, చెయ్యి తన పైపెదవి మీద పెట్టి అటు ఇటు ఊపింది. మీసం అడ్డమొస్తున్నదని చెప్పింది.

సారు మీసం అంటే అట్లాంటి ఇట్లాంటి మీసం కాదు. నోరు సగం దాంట్లనే ఉండేది. నూనె పెట్టి దువ్వేటోడు. మోపెడ్ అద్దంల చూసుకుంట రెండు దిక్కుల మెలేసేటోడు. మేము పరీక్షల్ల తప్పు రాస్తే "మీసం గొరిగించుకుంట" అనేటోడు. మర్నాడు పొద్దుగాల ఆయన క్లాసుల అడుగు పెడితే మేము గుర్తు పట్టలే. పైపెదవి తెల్లగ, మెరుసుకుంట. మా వెనక బెంచీల నుంచి ఎవరో కిసుక్కున నవ్విండ్రు. సారు రేణుక దిక్కు తిరిగి, ఒక్కొక్క మాట విడదీసి, "ఇప్పుడు… తెలుస్తున్నదా?" అన్నడు. ఆమె తల ఊపింది. ఊర్ల ఆయన్ను చూసి "ఇంట్ల ఎవలన్న పోయిండ్రా?" అని అందరు పరేషానయిండ్రట. ఆయన భార్య రెండు దినాలు మాట్లాడలేదట.

ఆనాటి సంది సారు బోర్డు మీద రాసేది రాసి, మా దిక్కు తిరిగినంకనే నోరు తెరిచేటోడు. నిజం చెప్పాలంటే అట్ల చెప్పినంక మాకు కూడ పాఠం మంచిగ ఎక్కింది. రేణుక చేతి పని చూస్తే మేమంత దండగ. మనిషి భుజం మీద చెయ్యేసి ఇట్ల తిప్పిందంటే, కట్టెలాగ బిగుసుకున్నోడు కూడ వదులయ్యేటోడు. కని ఒక్క కాడ చిక్కు వచ్చింది.

ఎక్స్‌రే తీసేముందు ఊపిరి పీల్చి ఆపుమని చెప్పాలె. కదిలితే ఫోటో చెడుతది, మళ్ల తీయాల్సి వస్తది. రేణుక నోరు విప్పి మాట్లాడది. చిన్నప్పుడు బడిల ఆమె గొంతు విని నవ్విండ్రట, ఆనాటి సంది అమ్మ ముందర తప్ప ఎవరి ముందర గొంతు ఎత్తలే. సారు ఆమెను ఎన్నడు మాట్లాడుమని బలవంతం చేయలే. "నీ గొంతు నీ ఇష్టం బిడ్డా. చెయ్యి ఉన్నది గదా" అన్నడు. చెయ్యి లేపితే పీల్చాలె, పిడికిలి పడితే ఆపాలె, చెయ్యి దించితే వదలాలె. మంచం మీద పడుకున్నోళ్లకు అది సరిపోయింది. ఛాతి ఫోటోకు మాత్రం మనిషి ప్లేటుకు ముఖం పెట్టి నిలబడుతడు. తీసేటోళ్లకు ఆ మనిషి వీపే కనపడుతది. వెనక, బటన్ నొక్కే అద్దాల గదిల నుంచి రేణుక చెయ్యి లేపితే ఎవరికి కనపడాలె?

వారం తిప్పలు పడ్డడు సారు. మీసం తీసిన కాన్నుంచి దినం తప్పి దినం కటింగ్ షాపుకు పోతుండె, ఆయనకు సొంతంగ గీసుకునుడు రాకపోయేది. ఒక దినం అక్కడి నుంచి చెంపకు సబ్బు నురగ పూర్తిగ తుడుచుకోకుంటనే వచ్చిండు, చంకల ఒక అద్దం. "కుర్చీల కూసుంటే వెనకోడు కనపడుతుండు బిడ్డా! వెనకోడు కనపడుతుండు!" అని ఎగిరినంత పని చేసిండు. మా ల్యాబుల స్టాండు పైన గోడకు మేకు కొట్టి, తీగతోని అద్దాన్ని జర ముందుకు వంచి కట్టిండు. నన్ను నిలబెట్టిండు. ప్లేటుకు ఛాతి ఆనిచ్చి, గదవ లేపి, కండ్లు పైకెత్తి చూస్తే, వెనక గదిల రేణుక నిండుగ కనపడ్డది. ఆమె చెయ్యి లేపింది. నేను పీల్చిన. పిడికిలి పట్టింది. ఆపిన. వదిలినంక మా ముగ్గురికి నవ్వాలో ఏడ్వాలో తెల్వలే.

ఆఖరు ఏడాది ప్రాక్టికల్ పరీక్ష వచ్చింది. రేణుక పాసయితే జనగామల్నే ఒక ప్రైవేటు దవాఖానల తీసుకుంటమని మాటిచ్చిండ్రు. ఆ డాక్టరు దగ్గరికి సారు నాలుగుసార్లు తిరిగి, గోడకు అద్దం పెట్టనీకె కూడ ఒప్పిచ్చిండు. రేణుకకు నాయిన లేడు. వాళ్లమ్మ మిర్చి ఏరబోయి ఆమెను చదివించింది. ఈ పరీక్ష ఒక్కటి దాటితే ఆ పిల్ల కాళ్ల మీద ఆ పిల్ల నిలబడుతది. మా అందరికి ఎరుకే. నాకు ఎరుకే.

పరీక్ష నాడు చదువు చెప్పిన సారు లోపలికి రావద్దు, వరండాలనే ఉండాలె. బయట నుంచి ఒకాయన పరీక్ష చేయనీకె వచ్చిండు. పొద్దుగాల ఆఫీసోళ్లు ల్యాబు సర్దుకుంట, "ఇది ల్యాబా, కటింగ్ షాపా?" అని అద్దం తీసి బీరువాల పడేసిండ్రు. నా వంతు రేణుక కంటె ముందు. నేను లోపలికి పోంగనే చూసిన. ఒట్టి మేకు ఉంది. వరండాలకు వచ్చి సారుకు ఒక్క మాట చెప్తే సరిపోతుండె. నేను చెప్పలే. నా పరీక్ష మంచిగ అయింది, మళ్ల ఏదన్న లొల్లయితే నాది కూడ ఖరాబైతదేమో అని భయపడ్డ. అంతే. గింతకంటె పెద్ద కారణం ఏం లేదు, ఉంటే ఎంత బాగుండు.

మిషన్ నడువకున్నా నడిచినట్టే చేసి చూపెట్టాలె. మాలో మేమే పేషెంటుగ నిలబడాలె. రేణుకకు నన్ను పిలిచిండ్రు. లోపలికొచ్చి ఆమె మేకు దిక్కు చూసింది. నా దిక్కు చూసింది. నేను కండ్లు దించుకున్న. ఆమె చేతులు సల్లగున్నయి గాని పని తప్పలే. నా గదవ లేపింది, మోచేతులు ముందుకు తిప్పింది, ప్లేటును తన చున్నీతోని రుద్ది వెచ్చగ చేసింది. వెనక గదిలకు పోయింది. నేను ఒట్టి గోడను చూస్తున్న. పరీక్ష చేసేటాయన "ఊ, పేషెంటుకు చెప్పమ్మా" అన్నడు. ఆమె చెయ్యి లేపే ఉంటది. నాకేం తెలుస్తది? ఆయన మళ్ల "చెప్పమ్మా" అన్నడు.

అప్పుడు రేణుక నోరు తెరిచింది. రెండేండ్లల మొదటిసారి ఆమె గొంతు విన్న. "ఊపిరి ఆపు" అన్నది. గట్టిగ, బొంగురుగ, ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో తెలియకుంట, గది అదిరేటట్టు. కిటికీ కాడ నిలబడ్డోళ్లు పకపక నవ్విండ్రు.

నేను కూడ నవ్విన.

భయానికి వచ్చిందో, సిగ్గుకు వచ్చిందో, ఎందుకొచ్చిందో ఇయ్యాల్టికి నాకు తెల్వది. నోరు మూసుకున్నా ఆగలే. ప్లేటుకు ముఖం పెట్టి, భుజాలు ఎగిరెగిరి పడేటట్టు నవ్విన. పరీక్ష చేసేటాయన పెన్ను తీసి రాసుకున్నడు.

సారు తలుపు తోసుకుని లోపలికొచ్చిండు, రావద్దని తెలిసి కూడ. మేకు చూసిండు. "సార్, మీ కాళ్లు మొక్కుత. ఇక్కడ ఒక అద్దం ఉండె. ఒక్కసారి పెట్టనియ్యుండ్రి. ఒక్క ఐదు నిమిషాలు" అన్నడు. పరీక్ష చేసేటాయన చెడ్డోడేం కాదు. "మాస్టారూ, పేషెంటు కదిలితే మళ్లీ తీయాలి, ఆ రేడియేషన్ ఎవరు మోస్తారు? మీ అద్దం అన్ని ఆస్పత్రుల్లో ఉంటుందా?" అన్నడు.

"ఒక మేకు కొడితే ఉంటది సార్. ఒక్క మేకు" అన్నడు సారు. అదే మాట నాలుగైదుసార్లు అన్నడు. ఆఫీసోళ్లు వచ్చి చెయ్యి పట్టుకుని బయటికి తీసుకపోయిండ్రు. రేణుక ఫెయిలని రాసిండ్రు.

అందరు పోయినంక నేను ల్యాబు మెట్ల కాడ కూసున్న. సారు వచ్చి పక్కన కూసున్నడు. నా నవ్వు ఆయన విన్నడు, వరండాల నుంచి కిటికీ పది అడుగులు కూడ లేదు. తిడతడేమో, కొడతడేమో అనుకున్న. కొడితే బాగుండు. "ఊపిరి ఆపుకునుడు నేర్పిన బిడ్డా మీకు. నవ్వు ఆపుకునుడు నేర్పలే. తప్పు నాదే" అన్నడు. లేచి మోపెడ్ దిక్కు నడిచిండు. ఆనాటి తర్వాత నేను ఆయన ముఖం చూడలే.

మళ్ల పరీక్షకు రేణుక సంచిల అద్దం పెట్టుకుని పోయిందట, లోపలికి తేనియ్యలేదట. దవాఖానోళ్లు ఎన్నడో వేరే పిల్లను తీసుకున్నరు. అద్దం పెట్టనియ్యుమని సారు ఆఫీసుల చుట్టు తిరిగిండు, కాగితాల మీద కాగితాలు పెట్టిండు. నేను ఇవన్ని ఒకరి నోట ఒకరి నోట విన్న. ఫోన్ చేయలే. నాకు నౌకరి వచ్చింది. దినాం వంద మందిని ప్లేటుకు ముఖం పెట్టి నిలబెడుత. నా రూముల అద్దం లేదు. మేకు కొట్టనీకె నా చేతులు రాలే. ఎందుకని ఎవరన్న అడిగితే ఏం చెప్పాలె?

మట్టికి పోలేకపోయిన, దినాల నాడు పోయిన. లింగాల ఘనపూర్‌ల వాళ్ల వాకిట్ల టెంటు వేసిండ్రు. కుర్చీల పెట్టిన ఫోటోల సారు మీసంతోని ఉన్నడు. సారు భార్య నా చెయ్యి పట్టుకుని, "మీసం లేని ఫోటో ఒక్కటి లేదు బిడ్డా. మళ్ల పెంచయ్యా అంటే, ఆ పిల్ల పరీక్ష కానియ్యే అనేటోడు. సచ్చేదాక పెంచలే" అని ఏడ్చింది.

టెంటు కింద ఆఖరు వరుసల రేణుక కూసుని ఉంది. నన్ను చూసి లేచింది. చిక్కిపోయింది. మిర్చి ఏరి ఏరి వేళ్లు మండి, తోలు లేచిపోయి ఉన్నయి. ఏడేండ్ల సంది మనసుల దాచుకున్న మాట ఇయ్యాల చెప్పి, ఆమె కాళ్ల మీద పడాలె, తిడితే పడాలె, ఉమ్మేసినా పడాలె అనుకుంటనే బస్సెక్కిన. పక్కన కూసున్న. ఆమె ముఖం దిక్కు తిరిగి, పెదాలు కనపడేటట్టు, "రేణుకా, ఆ దినం నేను…" అన్న.

ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఫోన్ తీసి, మండే వేళ్లతోని మెల్లగ ఒక్కొక్క అక్షరం కొట్టి నా ముందర పెట్టింది.

"నాకు ఎరుకే. ఆనాడు వెనక నుంచి నీ భుజాలు వణుకుడు చూసిన. ఎందుకని సారును అడిగిన. నీ కోసం ఏడ్చిందని కాగితం మీద రాసి చూపెట్టిండు. కిటికీల అందరు నవ్విండ్రు. నా కోసం ఏడ్చింది నువ్వొక్కదానివే."

సారు ఫోటో దిక్కు చూడబుద్ధి కాలే. నిజం చెప్పనీకె నోరు తెరిచిన. రేణుక నా పెదాల దిక్కే చూస్తున్నది. అవునని తల ఊపిన.